ఈ ఏడాదన్నా పడుద్దా?

నిన్న సాయంత్రం పక్కింటి పెద్దాయన డ్రైవ్‌వే అంచుల వెంట కర్రలు పాతుతూ కనిపించాడు. నాలుగడుగులకొకటి, నారింజ రంగువి, నడుమెత్తున. మంచు పడ్డాక దారి ఎక్కడో గడ్డి ఎక్కడో తెలీదు కాబట్టి మంచు తోసే బండి, ప్లౌ, నడిపేవాడికి అవే సరిహద్దు రాళ్ళు. అవి లేచాయంటే మసాచుసెట్స్‌లోని మా హోల్డెన్‌లో చలికాలం వచ్చినట్టే, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సరే.

"ఈసారి గట్టిగా పడుతుంది చూడు" అన్నాడు సుత్తి పక్కన పెట్టి. ఆయన నమ్మకానికి ఆధారం ఒక పసుపు అట్ట పుస్తకం. పేరు ఓల్డ్ ఫార్మర్స్ అల్మనాక్. 1792లో మొదలైంది, ఇప్పుడు మాకు ఉత్తరాన న్యూ హాంప్‌షైర్‌లో డబ్లిన్ అనే చిన్న ఊరి నుంచి వస్తోంది. ఏ వారంలో వాన, ఏ వారంలో మంచు అని నెలల ముందే రాసేస్తారు. నేను నవ్వను. ఉగాది రోజు గుడి అరుగు మీద కూర్చుని, ఈ ఏడు మేఘాధిపతి ఎవరు, వాన ఎన్ని తూములు అని చెవులు రిక్కించి విన్న ఇంట్లో పుట్టినవాణ్ణి. వానలు ఎక్కువని పంతులుగారు చదివితే అందరి మొహాలూ విప్పారేవి, మా నాన్నది తప్ప.

మాది చినగంజాం. అప్పట్లో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లాలో కలిపారు. మేం ఉప్పు రైతులం. మడులు కట్టి ఉప్పునీళ్ళు పెట్టి ఎండకి వదిలేస్తే అడుగున తెల్లగా పేరుకుంటుంది. మా వైపు ఉప్పు "తయారైంది" అనరు, "పండింది" అంటారు. జనవరిలో మొదలుపెడితే ఎండలు ముదిరేకొద్దీ పంట. పొడుగు కర్రకి అడ్డచెక్క బిగించి, మడిలోంచి గట్టు మీదికి లాగి కుప్ప పోస్తారు. వానలు దగ్గర పడగానే కుప్పల మీద తాటాకు కప్పుతారు. రైలు చినగంజాం దాటేటప్పుడు కిటికీలోంచి చూసిన వాళ్ళకి తెలుసు, ఆ తెల్ల కుప్పలు ఎట్టా ఉంటాయో.

1990 మే నెల తుపాను నాకు బాగా గుర్తు. రేడియోలో రేవుల పేర్లూ ప్రమాద సూచిక నంబర్లూ చదువుతుంటే నాన్న ఒక్కో నంబరుకీ ఒక్కో బీడీ వెలిగించాడు. తాటాకులు ఎగిరిపోయాయి. నాలుగు నెలలు పండించిన ఉప్పు రాత్రికి రాత్రి నీళ్ళయిపోయింది. తెల్లారి చూస్తే కుప్పలున్న చోట గుంటలు. నాన్న ఒక గట్టు మీద గొంతుకూర్చుని ఆ నీళ్ళలో వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "ఉప్పగానే ఉండాయ్" అన్నాడు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో అమ్మకి కూడా తెలీలేదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, పై నుంచి ఏది పడ్డా మనకి నష్టమే అనే భయంతో పెరిగినవాణ్ణి, ఇవాళ మసాచుసెట్స్‌లో కూర్చుని పొద్దునొకసారి, రాత్రొకసారి ఫోన్‌లో పది రోజుల వాతావరణం చూస్తున్నాను. ఈ ఏడాదన్నా పడుద్దా అని.

నేనిక్కడ దిగింది 1997 మార్చిలో. వూస్టర్‌లో ముగ్గురు తెలుగు కుర్రాళ్ళ అపార్ట్‌మెంటులో నాలుగోవాణ్ణి. (ఊరి పేరుని నెలరోజులు "వర్సెస్టర్" అన్నాను. ఎవరూ దిద్దలేదు. మొహమాటస్థులు దొరికారు.) "చలికాలం అయిపోయింది బాసూ, అదృష్టవంతుడివి. కోటు సెప్టెంబరులో కొనుక్కో, చవగ్గా వస్తుంది" అని సలహా ఇచ్చారు. మార్చి 31 సోమవారం వాన పడుతూ ఉంది. సాయంత్రానికి అది బరువెక్కి, తెల్లబడి, అడ్డంగా కొట్టడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున రూమ్మేట్ లేపి "రెండడుగులు దాటింది, కార్లు కనపడట్లేదు" అంటే, తేదీ చూసుకుని మళ్ళీ ముసుగు తన్నాను. ఏప్రిల్ ఒకటి మరి.

నిజంగానే కార్లు కనపడలేదు. బోస్టన్‌లో 25.4 అంగుళాలు పడింది, మా దగ్గర అంతకంటే ఎక్కువే. ఇప్పటికీ ఇక్కడివాళ్ళు దాన్ని ఏప్రిల్ ఫూల్స్ తుపాను అనే అంటారు. నలుగురికీ కలిపి ఒక్క షవల్, అదీ పిడి విరిగింది. మిగిలినవాళ్ళం అట్టపెట్టె ముక్కలతో, చెత్త ఎత్తే చేటతో దిగాం. ఒకడు అద్దం మీద గడ్డకట్టింది కరుగుతుందని కెటిల్‌తో మరిగే నీళ్ళు తెచ్చి పోశాడు. ఈ మూల నుంచి ఆ మూలకి గీత గీసినట్టు పగిలింది. అది నా కారు కాదు, నాకు అప్పటికి కారే లేదు, అయినా గుండె ఝల్లుమంది.

కాసేపటికి షవల్ నా చేతికొచ్చింది. ముందుకు తోసి, ఒంగి, ఎత్తి, పక్కన కుప్ప పోయడం. పదిసార్లు చేశాక చేతులు వాటంతట అవే పోతున్నాయి. "ఏంది బాసూ, పుట్టినప్పట్నుంచీ ఇదే పనా?" అన్నాడు ఒంగోలు వాడు. దాదాపు ఇదే పని. కాకపోతే మా ఊళ్ళో అరికాళ్ళు మండేవి, ఇక్కడ వేళ్ళు మొద్దుబారాయి. పని అయ్యాక అపార్ట్‌మెంటు మేనేజరు ఒక బకెట్‌తో వచ్చి మెట్ల మీద ఏదో చల్లుకుంటూ పోయాడు. ఒకటి తీసి చూశాను. రాళ్ళ ఉప్పు! మంచు మీద ఉప్పు చల్లితే కరుగుతుందని ఎక్కడో చదివే ఉంటాను, కానీ చదవడం వేరు. ఉప్పు కలిసిన నీళ్ళు మామూలు నీళ్ళు గడ్డకట్టే చలికి గడ్డకట్టవు, అంతే కథ. ఆ రాత్రి చీరాలలో మామయ్య ఇంటికి ఫోన్ చేసి, నాన్నని పిలిపించి, డబ్బులు లెక్కపెట్టుకుంటూ చెప్పాను: "ఇక్కడ ఉప్పు రోడ్డు మీద పోస్తారు నాన్నా." అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "ఎన్ని బస్తాలు?" అన్నాడు.

బస్తాలు కాదు, కొండలు. బోస్టన్ పక్కనే చెల్సీలో, ఏటి ఒడ్డున, చిలీ లాంటి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన ఉప్పు గుట్టలుగా పోసి ఉంటుంది. పైన పెద్ద పెద్ద పట్టాలు కప్పి ఉంచుతారు. మొదటిసారి బ్రిడ్జి మీంచి చూసినప్పుడు కారు నెమ్మదించాను. వెనకవాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

పక్కింటి పెద్దాయన ముందు మాత్రం 1997 మాట ఎత్తకూడదు. "అదీ ఒక మంచేనా" అంటాడు. ఆయనకి తుపాను అంటే ఒక్కటే, 1978 ఫిబ్రవరి 6. బోస్టన్‌లో 27 అంగుళాలు. పనిమీద వెళ్ళిన వాళ్ళంతా మధ్యాహ్నం ఒకేసారి ఇళ్ళకి బయల్దేరారు. రూట్ 128 హైవే మీద మూడు వేల కార్లు, ఐదొందల లారీలు ఎక్కడివక్కడ పూడిపోయాయి. అందులో ఒకటి ఆయనది. ఇంజిను వేసి కూర్చుంటే పొగగొట్టం మంచుతో మూసుకుపోయి విషపు పొగ లోపలికి వస్తుంది. ఆపి కూర్చుంటే చలి. గంటకోసారి దిగి చేతులతో తవ్వేవాడట. చివరికి నడిచి ఒక చర్చికి చేరి, అక్కడి బెంచీ మీద రెండు రాత్రులు పడుకున్నాడు. వారం రోజులు రోడ్ల మీద కార్లు తిరగనివ్వలేదు. గవర్నరు డుకాకిస్ రోజూ టీవీలో స్వెట్టరేసుకుని కనపడేవాడు. ఈ కథ నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. కార్లో కూర్చున్న గంటలు మొదట ఏడు, ఇప్పుడు పద్నాలుగు. పోయినేడు కథలోకి ఒక కుక్క కూడా వచ్చింది. నేను మాత్రం ప్రతిసారీ నోరు తెరుచుకునే వింటాను.

మా ఇంటికి సంబంధించినంత వరకు అసలు తుపాను 2008 డిసెంబరుది. అందులో మంచు లేదు.

పాప డిసెంబరు 2న పుట్టింది. అమ్మ అంతకు నెల ముందే వచ్చింది. మడుల పని దగ్గర పడుతోందని నాన్న రాలేదు. అమ్మకి అప్పటిదాకా మంచు అంటే ధనుర్మాసం తెల్లవారుజామున తాటిచెట్లు కనపడకుండా కమ్మేది. "మంచులో తిరగబాక, రొంప చేస్తుంది" అని మమ్మల్ని తిట్టేది ఆ మంచుకే. ఇక్కడిది చూశాక దానికి ఆ పేరు ఒప్పుకోలేదు. "తెల్లది" అనేది. "బయట తెల్లది పడతంది, బాలింతని తలుపు తీయనీబాక."

పదకొండో రోజు పురుడు డిసెంబరు 12, శుక్రవారం. ష్రూస్‌బరీ నుంచీ వెస్ట్‌బరో నుంచీ పాతికమందిని పిలిచాం. గురువారం రాత్రి వాన. వాన అంటే మామూలు నీళ్ళే, కానీ తాకిన ప్రతిదాని మీదా గడ్డకట్టే వాన. పైన గాలి వెచ్చగా ఉండి, నేల దగ్గర చల్లగా ఉంటే అట్టా జరుగుతుంది. కొమ్మకొమ్మకీ, తీగతీగకీ వేలు లావున గాజు తొడిగింది. నడిరేయి దాటాక మొదలయ్యాయి చప్పుళ్ళు. దూరంగా తుపాకి పేలినట్టు ఒకటి. తర్వాత దగ్గర్లో ఇంకొకటి. ఆ వెనకే గాజు పెంకులు రాలినట్టు గలగల. చెట్లు విరుగుతున్నాయని అర్థమవడానికి కొంత సేపు పట్టింది. కరెంటు పోయింది. బాయిలర్ ఆగింది. పాప ఏడుపు ఒక్కటే ఇంట్లో వేడిగా ఉన్నట్టు అనిపించింది.

అమ్మ లేచింది. హాల్లో ఒక ఇనప పొయ్యి ఉండేది, కట్టెలు వేసేది. ఇల్లు కొన్నప్పట్నుంచీ దాని మీద పూలకుండీ పెట్టుకున్నాం. అమ్మ కుండీ తీసి పక్కన పెట్టి, "కట్టెలేయ్" అంది. అంతే, ఆ క్షణం నుంచి ఇల్లు ఆమెది. ఇద్దరు ఇంజినీర్లం, మాకు పొయ్యి వెలిగించడం చేతకాలేదు. పేపర్లు తగలేస్తుంటే నన్ను పక్కకి నెట్టి, పుల్లలు పేర్చి, రెండు ఊదులకి మంట తెప్పించింది. గరాజ్‌లో బొగ్గుల గ్రిల్ చూసి, కుంపటిలాగా ఇంట్లోకి తెద్దామంది. తలుపులన్నీ బిగించిన ఇంట్లో అది ప్రాణాలు తీస్తుందని చెప్పి ఆపాను. ఆ మూడు రోజుల్లో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

తెల్లారి సూర్యుడు వచ్చాడు. ఆ దృశ్యాన్ని ఎట్టా చెప్పాలి. అడవి మొత్తం గాజుది. కన్ను తెరవలేం. ఒక్క చెట్టు సరిగ్గా నిలబడి లేదు, ఒక్క చెట్టు మెరవకుండా లేదు. న్యూ ఇంగ్లండ్‌లోనూ న్యూయార్క్‌లోనూ కలిపి పది లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు లేదని తర్వాత తెలిసింది. పిలిచిన పాతికమందిలో ఒక్కరూ రాలేకపోయారు, మా వీధికి అడ్డంగా మూడు మేపుల్ చెట్లు పడున్నాయి.

అమ్మ పురుడు ఆపలేదు. పదకొండో రోజు పదకొండో రోజే. పొయ్యి మీద నీళ్ళు కాచి పాపకి పోసింది. నిప్పులు గరిటెలోకి తీసి సాంబ్రాణి వేసింది. ఫ్రిజ్ పనిచేయకపోయినా పాలు పాడవలేదు, వెనక మెట్ల మీద పెట్టాం. అదే పొయ్యి మీద ఒకదాని తర్వాత ఒకటి పప్పు, అన్నం, పరమాన్నం. ముహూర్తానికి పక్కింటి పెద్దాయన, ఆయన భార్య మాత్రం చెట్లు ఎక్కి దిగి, టార్చి లైటూ ఒక కట్ట కట్టెలూ పట్టుకుని వచ్చారు. అమ్మ వాళ్ళకి బొట్టు పెట్టింది. ఆయన ఆ బొట్టుతోనే వీధంతా తిరిగి ఎవరెట్టా ఉన్నారో కనుక్కొచ్చాడు.

సాయంత్రం పాపకి దిష్టి తీసింది. నాన్న పొట్లం కట్టి పంపిన మా మడి ఉప్పు. మూడుసార్లు తిప్పి, తలుపు తీసి, బయట గట్టిబడ్డ ఐసు మీదికి విసిరేసింది. పొద్దున చూద్దును కదా, ఉప్పు పడ్డచోటల్లా సన్న సన్న చిల్లులు. అమ్మని పిలిచి చూపించాను. "ఎంత దిష్టి తగిలిందో చూడు!" అంది. రసాయనశాస్త్రం చెప్పబోయి మానుకున్నాను. మూడో రోజు ఫ్రేమింగ్‌హమ్‌లో కరెంటున్న స్నేహితుడింటికి వెళ్ళిపోయాం. అమ్మకి అది నచ్చలేదు.

నాన్న ఒక్కసారే వచ్చాడు, 2011లో. మడులు మా తమ్ముడికి అప్పజెప్పి, "ఆ తెల్లది ఏందో నేనూ చూస్తా" అని చలికాలానికే టికెట్ తీయించుకున్నాడు. ఆ అక్టోబరు 29న, చెట్ల ఆకులు ఇంకా రాలకముందే, అడుగు పైన మంచు పడింది. ఆకుల మీద బరువు ఆగక కొమ్మలు విరిగి మళ్ళీ రోజుల తరబడి కరెంటు లేదు. నాన్న దిగింది నవంబరు రెండో వారం. మంచు కరిగిపోయింది, విరిగిన కొమ్మలు మిగిలాయి. "తుపాను వెళ్ళిపోయినాక వచ్చినట్టుండాను" అన్నాడు. తర్వాత రోజూ కిటికీ. డిసెంబరు అంతా ఎండ. బోస్టన్‌లో ఆ చలికాలం మొత్తానికి పడింది 9.3 అంగుళాలు. నాన్న నన్ను అనుమానంగా చూడ్డం మొదలుపెట్టాడు, ఇన్నాళ్ళూ ఫోన్‌లో కోతలు కోశానని.

జనవరి మూడో వారంలో మొత్తానికి కాస్త పడింది. లుంగీ మీద నా కోటు వేసుకుని బయటికి నడిచాడు. ఒంగి దోసిట్లోకి తీసుకున్నాడు. నాలిక్కి రాసుకున్నాడు. "రుచి లేదు" అన్నాడు. ఆపైన గరాజ్‌లో ఉన్న ఉప్పు బస్తా విప్పించి ఒక పలుకు తీసి వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. నాలిక చివర ఆనించి ఉమ్మేశాడు. "ఇది ఎండకి పండింది కాదురా, తవ్వి తీసింది." బస్తా మీద అచ్చు చూస్తే నిజంగానే గని ఉప్పు. అంగుళాల మంచు కంటే ఆ బస్తాయే ఆయనకి ఎక్కువ నచ్చినట్టుంది. నేను చల్లబోతే చేతిలోంచి తీసుకుని, విత్తనం చల్లినట్టు, మెట్టుమెట్టుకీ సమంగా ఆయనే చల్లాడు. మార్చిలో వెళ్ళిపోతూ, "గట్టిగా పడ్డప్పుడు చెప్పు, మళ్ళీ వస్తా" అన్నాడు.

గట్టిగా పడింది 2015లో. జనవరి 26 రాత్రి మొదలై వూస్టర్‌లో 34.5 అంగుళాలు. అది తీయకముందే ఇంకోటి, ఆపైన ఇంకోటి. ఫిబ్రవరి ఒక్క నెలలో బోస్టన్‌లో 64.8 అంగుళాలు, సీజను మొత్తానికి 110.6. అంతకుముందు ఎన్నడూ అంత పడలేదు. తీయడం కాదు సమస్య, ఎక్కడ పోయాలన్నది సమస్య. డ్రైవ్‌వేకి రెండు పక్కలా నా ఎత్తు గోడలు. పైకి విసిరితే మళ్ళీ నా మీదే పడేది. రెండు గంటలు కష్టపడి శుభ్రం చేసి లోపలికొచ్చి టీ కప్పు పట్టుకునేసరికి ప్లౌ వచ్చి రోడ్డు మీద రాళ్ళలాంటి ముద్దలన్నీ మన గుమ్మంలోకి నెట్టేసి పోయేది. ఇంటి పైకప్పు అంచున ఐసు కట్టి, కరిగిన నీళ్ళకి దారిలేక గోడలోంచి దిగి, సరిగ్గా దేవుడి మందిరం పక్కనుంచి కారాయి. బోస్టన్ రేవు దగ్గర పోగేసిన మంచు గుట్ట జులై 14కి గానీ పూర్తిగా కరగలేదు. రైళ్ళు ఆగిపోయాయి. జనం మూడంతస్తుల మీంచి మంచులోకి దూకుతుంటే, ఆ పిచ్చి పనులు మానమని మేయరు బతిమాలాడు.

అన్నిటికంటే కష్టం, ఏ షాపులోనూ ఉప్పు లేదు. నాన్నకి ఫోన్ చేశాను. విన్నాడు. "ఉప్పు దొరకడం లేదా?" అని మళ్ళీ అడిగాడు. "ఇక్కడ కుప్పలు కుప్పలుగా పడుంది, కొనే నాథుడు లేడు." ఇద్దరం నవ్వాం. రమ్మంటే, మోకాళ్ళు సహకరించవన్నాడు. వీడియోలో గోడలు చూపిస్తే మాత్రం, "తాటాకు కప్పలేదే?" అన్నాడు. మూడేళ్ళ తర్వాత పోయాడు.

ఆ తర్వాత పెద్ద తుపానులు కొన్ని వచ్చాయి గానీ ఈమధ్య మరీ పల్చబడింది. బోస్టన్ సగటు దాదాపు 49 అంగుళాలైతే, 2022-23లో 12.4, ఆ మరుసటేడు 9.8. మాది ఎత్తు మీది ఊరు కాబట్టి ఇంకాస్త పడుతుంది, అయినా మునుపటిలా కాదు. కొత్తగా కొన్న స్నో బ్లోవర్‌లో, అదే మంచు ఎగజిమ్మే మిషన్‌లో, పెట్రోలు పాతబడి చెడిపోయింది. పడక పడక సుఖపడాల్సింది పోయి ఇదేం రోగమని మా ఆవిడ అంటుంది. నిజమే, పడితే నడుం పట్టేస్తుంది, ఆఫీసు ఫోన్లు, కప్పు భయం, అన్నీ ఉంటాయి. అయినా అక్టోబరు వస్తే చేతులు లాగుతాయి.

ఈసారి ఇంకో కారణం. ఆ గాజు అడవిలో పదకొండో రోజు చేసుకున్న పిల్ల ఇప్పుడు కారు నడుపుతోంది. లైసెన్సు వచ్చాక ఇదే మొదటి చలికాలం. మొదటి మంచుకి ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి జారితే ఏం చేయాలో నేర్పిస్తానని మాటిచ్చాను. రోజూ అడుగుతోంది, ఎప్పుడు పడుతుందని. కారు బరువుకీ, ఎక్కడన్నా చక్రం ఇరుక్కుంటే చల్లుకోడానికీ డిక్కీలో నలభై పౌన్ల ఉప్పు బస్తా ఒకటి పెట్టుకోమన్నాను. ఇవాళ పొద్దున నేనే మోసుకెళ్తుంటే మూల చిరిగి, గరాజ్ నుంచి కారు దాకా పలుకులు రాలాయి. ఒకటి తీసుకుని వెలుతురుకి పట్టి చూశాను. నాలిక చివర ఆనించాను.

"ఛీ, నాన్నా! అది తినేది కాదు" అంది అది, తాళాలు ఊపుకుంటూ.

"తెలుసు. తవ్వి తీసింది" అని ఉమ్మేశాను.